బాపు ఆట

ఇంట్లో రెండు మూడేళ్ల పిల్లలున్న తండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు మంచం మీది నుంచి లేచి కూర్చోండి. పడుకుని చదవాల్సిన సంగతి కాదు. నేను పడుకునే కొంప ముంచుకున్నాను. గోదావరి పొంగి ఇళ్లు మునిగినవాళ్లను చూశాను గాని, పట్టపగలు, మంచం మీద, చెద్దరు కప్పుకుని, గురక పెడుతూ ఇల్లు ముంచుకున్న మొనగాణ్ణి నన్ను తప్ప ఇంకొకణ్ణి చూడలేదు. అదీ ఎవరి ముందర? మా అత్త ముందర. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇన్నేళ్లుగా మా అత్తవారి తరఫు వాళ్లంతా నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. మందమర్రిలో బొగ్గు బాయిలో ఉద్యోగం. రెండు గదుల కంపెనీ క్వార్టర్, ముందు కాస్త వాకిలి, దాంట్లో ఒక కరివేపాకు చెట్టు. భార్య రజిత. రెండున్నరేళ్ల బిడ్డ పింకి. అందరూ రాత్రి డ్యూటీ అంటే మొహం ముడుచుకుంటారు. నేను మాత్రం ఇంకొకరి రాత్రి డ్యూటీ కూడా అడిగి మరీ వేయించుకునేవాణ్ణి. పనిమీద అంత ప్రేమా అని కరిగిపోకండి. పొద్దున్నే వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాటాక లేవచ్చు. లేచి, తిని, చొక్కా తగిలించుకుని చౌరస్తాలో చాయ్ బండి దగ్గరకు పోతే చీకటి పడేదాకా దోస్తులతో ముచ్చట్లు. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనరు. "పాపం, రాత్రంత బాయిల ఉండొచ్చిండు" అంటారు. ఆ ఒక్క 'పాపం' చాటున నేను దొరలాగా బతికాను.

మా బొగ్గు బాయి ఊళ్లలో ఒక మర్యాద ఉంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి పడుకున్నాడంటే ఆ ఇంటికి మాట పడిపోతుంది. కిటికీకి పాత చీర కడతారు. టీవీ కట్టేస్తారు. కూరగాయల బండివాడు కూడా ఆ క్వార్టర్ దాటేదాకా నోరు మూసుకుని, పక్క క్వార్టర్ ముందుకు పోయాక "టమాటే" అని అరుస్తాడు. మా ఇంట్లో ఈ మర్యాద ఇంకో మెట్టు ఎక్కింది. విజిల్ మోతకు నాకు మెలకువ వస్తుందని రజిత కుక్కర్ను చంకన పెట్టుకుని పక్కింటికి తీసుకుపోయి, అక్కడ అన్నం వండుకుని వచ్చేది. ఈ సంగతి నేను చాయ్ బండి దగ్గర మీసం తిప్పుతూ చెప్పుకునేవాణ్ణి. "నేను పండుకుంటే నా ఇంట్ల కుక్కర్ గూడ కూత వెయ్యదు, ఏమనుకున్నవ్‌రా!"

ఆ పక్కిల్లు మాకు అక్క వరసయ్యే షాహీన్ ఆపాది. ఆమె భర్తకు బజార్లో చెప్పుల దుకాణం. కుక్కరే కాదు, పింకి కూడా సగం రోజు ఆమె ఇంట్లోనే ఉండేది. నేను నిద్రపోతున్నానని పొద్దంతా అక్కడ. నేను లేచాక ఇంటికి వచ్చేది, కాని అప్పటికి నేను చాయ్ బండి దగ్గర ఉండేవాణ్ణి. అంటే నేనూ నా బిడ్డా ఒకే క్వార్టర్లో కాపురముంటూ, వేరువేరు బస్సుల్లో తిరిగే ప్రయాణికుల్లాగా ఎదురుపడకుండా బతికాం. ఇది అప్పుడు నాకు తట్టలేదు. మనకు తట్టడానికి బుర్ర మెలకువగా ఉండాలి కదా.

ఇట్లా నడుస్తున్న రోజుల్లో రజితకు ఊళ్లోనే ఒక బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారు. అదే నెలలో షాహీన్ ఆపా కూడా భర్తకు మోకాళ్ల నొప్పులని దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టబోతోంది. మరి పింకిని ఎవరు చూడాలి? ఈ ప్రశ్నకు ఆసిఫాబాద్‌లో ఉన్న మా అత్త దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఫోన్ చేసి నాకే చెప్పింది.

"పొల్లను నేను తోలుకపోత అల్లుడా. బడికి పోయే ఈడు వచ్చేదాక నా దగ్గర్నే ఉంటది. ఆసిఫాబాద్ ఏమన్న ఢిల్లీనా? ఆదివారం ఆదివారం వచ్చి చూసిపోతుండుర్రి."

నాకు ఎక్కడలేని రోషం పొడుచుకొచ్చింది.

"నా బిడ్డను నేను చూస్కోనా అత్తమ్మా? రెండో షిఫ్ట్‌కు మార్చుకుంట. పొద్దంత నేనుంట. రజిత బడి నుంచి వచ్చినంక నేను బాయికి పోత. గింత దానికి పొల్లను ఇంట్ల నుంచి పంపుడేంది?"

ఫోన్‌కు ఇవతల, నా పక్కనున్న రజిత నవ్వింది. ఎగతాళిగా నవ్వితే నాకు కోపం వచ్చేది. ఆమె నిజంగానే నవ్వొచ్చి నవ్వింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుని, "పింకికి ఏం కూర ఇష్టమో చెప్పు" అంది.

"పప్పు."

"పప్పు చూస్తే ఆమడ దూరం ఉరుకుతది. సరే, ఏ పాట పెడితె అన్నం తింటది?"

"గిదేమన్న పరీక్షనా?" అని నేను బనియన్ సర్దుకున్నాను.

పరీక్షే పెట్టింది, ఫోన్‌లో ఇదంతా వింటున్న మా అత్త. "ఆదివారం పొద్దుగాల్నే వస్త. ఒక్క పూట నా కండ్ల ముందట పొల్లను ఆడియ్యి. ఏడ్వకుంట, ఇంకోలను అడుగకుంట నీ దగ్గర ఉన్నదంటె నా నోట మల్ల మాట రాదు. ఉండకపోతె సంచి సర్దుడే. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట" అన్నాను, లోక్‌సభకు పోటీ చేస్తున్నవాడి లెవెల్లో.

రజిత నవ్వడం మానేసింది. దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, "జర మనసు పెట్టి చెయ్యవా? దాన్ని ఇడిసి నేను ఉండలేను" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. "ఫికర్ జెయ్యకు" అని భుజం తట్టి, నేను చాయ్ బండికి పోయాను.

ఏం చేద్దాం మరి! ఆలోచన అక్కడే వచ్చేది నాకు. ఫోన్ తీసి 'చిన్నపిల్లలతో ఇంట్లో ఆటలు' అని వెతికాను. ఒకావిడ దొరికింది. తెల్లటి సోఫా, తెల్లటి గోడ, తెల్లటి పిల్లాడు. ఇంట్లో ఉన్న వస్తువులతోనే ఊహల ఆటలు ఆడించాలట. డబ్బాతో బస్సు, గిన్నెలతో వంట, పప్పులతో దుకాణం. చివర్లో వేలు ఎత్తి ఒక సూత్రం చెప్పింది. ఆటలో పిల్లలే నాయకులు, పెద్దవాళ్లు వాళ్ల వెంట నడవాలి, సరిదిద్దకూడదు, అడ్డం రాకూడదు అని. నేను దాన్ని బట్టీ పట్టాను. బడిలో ఒక్క ఎక్కం బట్టీ పట్టని నేను, చాయ్ మీద చాయ్ తాగుతూ పిల్లల పెంపకం బట్టీ పట్టాను.

మొదటి రోజు బస్సు ఆట. నిద్ర త్వరగా ముగించి లేచాను, అది కూడా నా త్యాగాల పద్దులో రాసుకున్నాను. కూలర్ వచ్చిన అట్టడబ్బా ఒకటి అటక మీది నుంచి దించి, మెడలో సంచి వేసుకుని, "మంచిర్యాల, లక్సెట్టిపేట, జగిత్యాల! ఎక్కుర్రి ఎక్కుర్రి" అని అరిచాను. పింకి గుమ్మం దగ్గర నిలబడి, గదిలోకి దూరిన కోతిని చూసినట్టు నన్ను చూసింది.

"బస్సు బిడ్డా! ఎక్కు."

ఎక్కలేదు. సరే, ఎట్లా ఎక్కాలో చూపిద్దామని నేనే ఎక్కాను. కూర్చున్నాను. బస్సు నా నడుముకు పట్టేసింది. లేవబోతే డబ్బా నాతోపాటే లేస్తోంది. పింకి ఒక్క క్షణం పరీక్షగా చూసి, బయటకు పరుగెత్తి షాహీన్ ఆపాను వేలు పట్టుకుని తీసుకొచ్చింది.

"హాయ్ అల్లా! ఏమైంది భయ్యా? గా డబ్బలెందుకు కూసున్నవ్?"

"బస్సు ఆపా."

"దిగు మరి."

"దిగరాదు."

ఆమె కత్తి తెచ్చి డబ్బాను కోసి నన్ను బయటకు తీసింది. పింకి ఆమె కొంగు చాటు నుంచి ఈ కార్యక్రమం అంతా చూసింది. నవ్వలేదు. కొత్తవాళ్లు ఇంటికొచ్చి ఏదైనా పగలగొడితే పిల్లలు నవ్వరు కదా.

తర్వాతి రోజు దుకాణం. నేల మీద చాప పరిచి బియ్యం, కందిపప్పు, పెసరపప్పు, శనగలు కుప్పలుగా పోశాను. తువ్వాల తలకు చుట్టి సేటునై కూర్చున్నాను. "ఏం కావాల్నమ్మా?" అన్నాను. పింకి అన్ని కుప్పల మధ్యా నిలబడి ఆలోచించి, కాళ్లతో ఒక్క నిమిషంలో నాలుగు కుప్పల్నీ ఒకటి చేసింది. సరిదిద్దకూడదు అని సూత్రం కదా! అడ్డం రాలేదు. సాయంత్రం రజిత గోడకు ఆనుకుని చాట ముందు పెట్టుకుని గింజ గింజ ఏరింది. మర్నాడు తినాల్సిన పప్పు అది. నేను మీద నుంచి "పొల్లకు ఎంత తెలివి ఉన్నదో చూసినవా?" అన్నాను. ఆమె తలెత్తలేదు.

మూడో ఆటలో నాకు అసలు జ్ఞానోదయం కావాల్సింది. కాలేదు, అది వేరే సంగతి. వంటింటి ఆట మొదలుపెడదామని రెండు చిన్న స్టీలు గ్లాసులు పెట్టి, ఎట్లా చెప్పాలా అని చూస్తున్నాను. ఈలోగా పింకియే ఒక గ్లాసు తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని, జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చి నా చేతికి ఇచ్చింది. "చాయ్" అంది.

నేను గ్లాసులోకి చూశాను. "ఇందుల చాయ్ ఏది బిడ్డా? ఉత్తగ్లాసు" అన్నాను.

ఆమె కూడా గ్లాసులోకి చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. గ్లాసు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, పక్కింటికి పోయింది. గోడ అవతల నుంచి షాహీన్ ఆపా గొంతు వినిపించింది. "వాహ్! కాలుతుంది బేటీ, జర ఊది ఇయ్యి! షక్కర్ మస్తు ఏసినవ్!" జుర్రున తాగిన చప్పుడు. పింకి కిలకిలా నవ్విన చప్పుడు.

ఇంత గాడిదనెవడైనా చూశారా? ఊహల ఆటలు నేర్పడానికి బయలుదేరిన గురువుగారు, ఆ విద్యలో ఆరితేరిన పిల్ల చేతిలోంచి వేడివేడి చాయ్ అందుకుని, 'ఇది ఉత్త గ్లాసు' అని చెప్పాడు. అప్పుడైనా పక్కింటికి పోయి ఇంకో గ్లాసు అడిగి తాగాల్సింది. నాకేమో చౌరస్తాలో అసలు చాయ్‌కి టైమవుతోంది.

ఆదివారం వచ్చేసింది. శనివారం రాత్రి డ్యూటీ చేసి పొద్దున ఇల్లు చేరేసరికి మా అత్త మొదటి బస్సుకే దిగి, మంచం మీద కూర్చుని పోకచెక్క నములుతోంది. పక్కన ఖాళీ సంచి. ఒళ్లంతా నిద్ర. రజిత అంది, "జరసేపు పండుకో, తరువాత ఆడియ్యి."

"అవసరం లేదు" అన్నాను. హీరోలు నిద్రపోతారా?

మొహం కడుక్కుని, చాయ్ తాగి, చాప పరిచాను. నా తరఫు సాక్షిగా షాహీన్ ఆపాను కూడా పిలిపించాను. ముగ్గురు ఆడవాళ్లు గోడవారగా కూర్చున్నారు. నేను ముందుగా ఒక ఉపన్యాసం ఇచ్చాను.

"అత్తమ్మా, గీ ఆటలకు ఒక పద్ధతి ఉంటది. పొల్ల ఏం చెప్తె అది చెయ్యాలె. మనం ఎదురు చెప్పొద్దు, అడ్డం పోవొద్దు. మీరందరు గూడ గంతే. ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నం గని మొదలువెట్టు" అంది అత్త.

"ఆపా?"

"బిల్కుల్ భయ్యా."

"రజితా?"

రజిత తలూపింది. ఆమె కళ్లు నా మీద లేవు, ఆ ఖాళీ సంచి మీద ఉన్నాయి.

ఇక మొదలుపెట్టాను. తువ్వాల చుట్టి సేటునయ్యాను. పింకి రాలేదు. నోటితో రైలు కూత పెట్టాను. రాలేదు. మోకాళ్ల మీద వంగి ఏనుగునయ్యాను. మా అత్త పోకచెక్క నమలడం ఆపి చూసింది, పింకి మాత్రం చూడలేదు. డాక్టరునయ్యాను, దర్జీనయ్యాను, పాలవాణ్ణయ్యాను. ఒక్కరోజులో అన్ని ఉద్యోగాలు చేసినవాణ్ణి కంపెనీలో కూడా ఎవరూ చూసి ఉండరు. పింకి తల్లి ఒళ్లో కూర్చుని కాటుక డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉంది.

"అయిపోయిందా?" అంది అత్త, సంచి దగ్గరకు జరుపుకుంటూ.

"ఆగుర్రి అత్తమ్మా, ఆగుర్రి" అని నేను పింకి ముందు కూలబడి, అడిగాను. "బిడ్డా, పింకీ, మరి నువ్వే చెప్పు. ఏం ఆట ఆడుదాం?"

ఆమె కాటుక డబ్బా కింద పెట్టింది. కాసేపు ఆలోచించింది.

"బాపాట" అంది.

"ఏందీ?"

"బాపు ఆట."

బాపు అంటే నేనే, వాళ్ల నాన్నను! ఎగిరి గంతేశాను. "ఇన్నరా? ఇన్నరా అత్తమ్మా? లోకంల ఇన్ని ఆటలుంటె నా బిడ్డ ఏ ఆట అడిగిందో ఇన్నరా? బాపు ఆటనట!" మా అత్త మొహం కొంచెం మెత్తబడింది. రజిత కూడా నన్ను చూసి నవ్వింది. ఆ ఫోన్ తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. బాపు ఆట అంటే ఏముంటుంది? బాయికి పోతున్నట్టు తలకు టోపీ, చేతికి లైటు, డ్యూటీ! నేను టోపీ తీయడానికి లేచాను కూడా.

పింకి నా వేలు పట్టుకుని మంచం దగ్గరకు తీసుకుపోయింది. "నువ్ బాపు. పండుకో" అంది.

పడుకున్నాను. ఆమె చెప్పినట్టే కదా చేయాలి!

"కాల్లు చాపు." చాపాను. "కండ్లు మూయ్." మూశాను. చెద్దరు తెచ్చి, కాళ్ల దగ్గర నుంచి లాక్కుంటూ లాక్కుంటూ వచ్చి తల మీది దాకా కప్పింది. చెద్దరు ఒక పక్క కొంచెం ఎత్తి నేను దొంగచాటుగా చూస్తున్నాను. పింకి వెనక్కి తిరిగి, మూతి మీద వేలు పెట్టుకుని, ముగ్గురు పెద్ద మనుషుల్నీ గదిమింది.

"ష్. బాపు డూటీ."

ఆ గొంతు అచ్చంగా రజిత గొంతే. పింకి కిటికీ దగ్గరకు పోయి, అంచుకు అందక ఎగిరెగిరి, పాత చీరను సరిచేసింది. మాట్లాడబోయిన అమ్మమ్మ నోరు చేత్తో మూసింది. తన చిన్న స్టీలు డబ్బాను చంకన పెట్టుకుంది. "కుక్కల్" అని గుసగుసగా ఆపాకు చెప్పింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోకుండా చేత పట్టుకుంది, చప్పుడు కాకుండా. అందరికీ సైగ చేసింది. మాట ఇచ్చారు కదా, మా అత్త తన చెప్పులు చేత పట్టుకుంది. ఆపా పట్టుకుంది. రజితా పట్టుకుంది. ముందు పింకి, వెనక ముగ్గురూ వరసగా, మునికాళ్ల మీద నడుచుకుంటూ బయటకు పోయారు. తలుపు దగ్గరకు వేసిన చప్పుడు కూడా కాలేదు.

చెద్దరు కింద నేను పొంగిపోయాను. ఏం తెలివి! ఎంత ఊహ! ఇదంతా నా శిక్షణే అనుకున్నాను. ఇప్పుడు ఏం చేస్తుంది? మళ్లీ లోపలికొచ్చి 'బాపూ' అని మీద దూకుతుంది. నేను 'అమ్మో' అని ఉలిక్కిపడి లేస్తాను. అందరూ చప్పట్లు కొడతారు. అత్త సంచి మడత పెట్టేస్తుంది. ఆ దూకడం కోసం కళ్లు మూసుకుని, పొట్ట గట్టి చేసుకుని ఎదురుచూస్తున్నాను. గది చీకటిగా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. రాత్రంతా బాయిలో నిలబడ్డ కాళ్లు. దూకుతుంది, ఇప్పుడు దూకుతుంది అనుకుంటూ...

మెలకువ వచ్చేసరికి ఒళ్లు ఎంత హాయిగా ఉందో! అంత మంచి నిద్ర ఈ మధ్య పట్టలేదు. ఒళ్లు విరుచుకున్నాను. ఆవులించాను. అప్పుడు గుర్తొచ్చింది, నేను ఆటలో ఉన్నానని.

తలుపు తీసి బయటకొస్తే ఎండ అవతలి క్వార్టర్ల గోడల మీదికి పోయింది. షాహీన్ ఆపా తన గడప మీద ఒక్కతే కూర్చుని చాయ్ తాగుతోంది.

"లేసినవా భయ్యా?"

"పింకి ఏది ఆపా? ఆట అయిపోయిందా?"

ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "మేమంత నా ఇంట్ల కూసున్నం. మధ్యాహ్నందాక చూసినం. అమ్మమ్మ అడిగింది పింకిని, బాపు లేసినంక ఏం జేస్తడు బిడ్డా, ఆడుకుంటడా అని."

"ఏమన్నది?"

ఆపా నా వైపు చూడకుండా కొంగు సరిచేసుకుంది. "'లేసి పోతడు' అన్నది భయ్యా. ఇగ గా ముసలామె ఏం అడుగలే. మీ ఇంట్లకు పోయి సంచి సర్దింది. ఇందాకనే పోయిండ్రు బస్టాండ్‌కు."

లుంగీ ఎగగట్టి పరుగెత్తాను. చెప్పులు లేవు, చొక్కా లేదు. చౌరస్తాలో చాయ్ బండి దగ్గర దోస్తులు "ఏందిరా, ఏమైందిరా? చాయ్ తాగి పో" అని కేకలేశారు. ఆగలేదు. ఆ బండి దగ్గర ఆగకుండా పోవడం నా జీవితంలో అదే మొదటిసారి. అంత అవసరమైన పని ముందెప్పుడూ పడలేదు మరి.

బస్టాండ్ ఇంకా చాలా దూరం ఉండగానే రజిత ఎదురొచ్చింది. ఒక్కతే. మెల్లగా నడుస్తోంది. నన్ను చూసి ఆగింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"బస్సు పోయింది" అంది.

"ఏడ్సిందా?"

"లే. నేనే ఏడ్సిన. అది కిటికీల కెల్లి చెయ్యి ఊపింది."

నాకు కోపం పొంగుకొచ్చింది. తప్పు మనదైనప్పుడు కోపం ఎంత త్వరగా వస్తుందో మీకు తెలిసే ఉంటుంది. నడిరోడ్డు మీద, బనియన్‌తోనే నిలబడి అరిచాను. "నన్నెందుకు లేపలే? పండుకుంటె లేపరాదా? నా బిడ్డను పంపేటప్పుడు నన్ను లేపాలన్న సోయి లేదా నీకు?"

"లేపుదామనే వచ్చిన. రెండుసార్లు వచ్చిన" అంది రజిత. "మంచం దాక వచ్చి నీ కాలు మీద చెయ్యేసిన. అది నా కొంగు పట్టుకుని వెనుకకు గుంజింది. 'ష్' అన్నది."

"చిన్నపోరి ష్ అంటె ఆగుతవా?"

"రెండేండ్ల సంది దాన్ని నేను గట్లనే గుంజుకపోయిన గద" అంది. "ఇయ్యాల ఏం చెప్పి లేపాలె నిన్ను?"

ఇద్దరం ఇంటికి నడిచాం. దారిలో ఆమె నాతో మాట్లాడలేదు, సోమవారం బడికి పోయేటప్పుడూ మాట్లాడలేదు.

రెండో షిఫ్ట్‌కు మార్పు ఆ మరుసటి వారమే దొరికింది. పొద్దంతా ఇంట్లో కూర్చునేవాణ్ణి. కుక్కర్ మా పొయ్యి మీదే కూతలు పెట్టింది. పెట్టనీ, ఎవరు వద్దన్నారు! పింకిని పంపమని మా అత్తతో నాలుగుసార్లు మాట్లాడాను. "ఇప్పుడిప్పుడే అలవాటు పడ్డది అల్లుడా, మల్ల అక్కడిక్కడ తిప్పకుర్రి" అంది. ఆదివారాలు ఆసిఫాబాద్ పోయేవాణ్ణి. చేతిలో ఏదో ఒక ఆటవస్తువుతో గుమ్మంలో నిలబడితే, పింకి నన్ను చూసి మర్యాదగా లోపలికి పోయి దిండు తెచ్చి ఇచ్చేది. "వద్దు బిడ్డా, ఆడుకుందాం" అనేవాణ్ణి. ఆమె అమ్మమ్మ మొహంలోకి చూసేది, ఈయనకు ఏమైందన్నట్టు.

బడికి పోయే ఈడు వచ్చాక తిరిగి మా ఇంటికి వచ్చింది. ఆ రోజు కోసం నేను మంచిర్యాల దాకా పోయి ప్లాస్టిక్ వంట సామాను కొనితెచ్చాను. పొయ్యి, పెనం, చిన్న చిన్న కప్పులు, అన్నీ. చాప పరిచి, అన్నీ పేర్చి, నేను కూడా కాళ్లు మడిచి కూర్చున్నాను. నిద్ర రాకుండా ముందే మొహం కడుక్కుని మరీ కూర్చున్నాను.

పింకి వచ్చి చూసింది. చాలా బాగున్నాయంది. అన్నీ జాగ్రత్తగా డబ్బాలో సర్దింది. డబ్బా ఎత్తుకుని ఎదురు క్వార్టర్‌లోని చిన్నపిల్లకు ఇచ్చి వచ్చింది.

"గట్లెందుకు ఇచ్చినవ్ బిడ్డా?"

"నేను పెద్దగైన బాపు" అంది నవ్వి. తన చిన్న సైకిలు తీసుకుని వీధిలో ఆడుతున్న పిల్లల దగ్గరకు పోయింది.

ఇప్పుడు ఆమె ఏడో తరగతి. పరీక్షలప్పుడు తలుపు వేసుకుని చదువుకుంటుంది. కాబట్టి, ఇంతదాకా ఓపికగా చదివిన మీ అందరి సాక్షిగా, కట్టుకున్న రజిత మీద ఒట్టు వేసి, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ నా బిడ్డతో ఆడుతూ ఆడుతూ నిద్రపోను. ఈ ఒట్టు తప్పుతానన్న భయం నాకు ఏ కోశానా లేదు. మా ఇంట్లో నన్ను ఆడదాం రమ్మని పిలిచేవాళ్లు ఎవరూ లేరు.